మసక కూడా సాక్ష్యమే

నీటిరంగుల్లో వేసిన ఊరి బొమ్మ చూసి ‘బాగుంది గానీ ఏదీ సరిగా కనిపించడం లేదు’ అంటాం. ఆ కనిపించకపోవడమే బొమ్మ చెబుతున్న విషయమైతే? రాజమహేంద్రవరం గోదావరి గట్టు దగ్గర మొదలయ్యే ఒక పరిశీలన.

పుష్కరాల రేవు మెట్ల మీంచి సాయంత్రపు గోదావరిని నీటిరంగుల్లో వేసిన చిత్రాలు రాజమహేంద్రవరంలో కొత్త కాదు. నది, వంతెన, గుడి శిఖరం, మెట్ల మీద మనుషులు, ఒకటో రెండో పడవలు. ఇంతే వస్తువు. ఇంప్రెషనిస్టు పద్ధతి పట్టిన చిత్రకారుడు వీటిలో దేన్నీ పూర్తిగా గీయడు. శిఖరం ఒక ముదురు మచ్చగా నిలుస్తుంది. మనిషికి రెండు కుంచె గుర్తులు చాలు. వంతెన కమానుల్లో దగ్గరవి నాలుగైదు గట్టిగా కనిపించి, తర్వాతవి ఒక్కొక్కటే పలచబడి, కొవ్వూరు ఒడ్డు చేరకముందే కాగితం తెలుపులో కలిసిపోతాయి. అలాంటి బొమ్మ చూసినవాళ్లు చాలామంది ముందు ‘భలే ఉంది’ అంటారు. ఆ వెంటనే సందేహం వస్తుంది. అది ఏ గుడో తెలియడం లేదు, మెట్ల మీద ఎవరో తెలియడం లేదు, అవతలి ఒడ్డు అసలే లేదు. అందాన్ని ఒప్పుకుంటాం గానీ నిజాన్ని ఒప్పుకోం. బొమ్మ మనసుకు హాయిగా ఉందంటూనే, ఊరి గురించి అది కొత్తగా చెప్పిందేమీ లేదని తేల్చేస్తాం.

అలా తేల్చడం తొందరపాటని నా వాదన. మంచి నీటిరంగుల నగరచిత్రంలోని మసక మూడు సంగతులు చెబుతుంది: ఆ ఊరి గాలి ఎలాంటిది, ఆ గంటలో వెలుగు ఎటునుంచి పడింది, చూసిన మనిషి మనసులో చివరికి ఏం మిగిలింది. ఊరి కొలతలు చెప్పడానికి పటాలున్నాయి, కట్టడాల వివరాలకు ఫొటోలున్నాయి, జనం లెక్కలకు గెజిటీర్లున్నాయి. ఆ ఊళ్లో ఒక సాయంత్రం గడపడం ఎలా ఉంటుందో చెప్పే సాక్ష్యాలు మాత్రం చాలా తక్కువ. నీటిరంగుల చిత్రం ఆ కొద్ది సాక్ష్యాల్లో ఒకటి. దాన్ని సాక్ష్యంగా చదవాలంటే ముందు ఈ గట్టు స్వభావం, తర్వాత నీటిరంగు నడత, ఆపైన జ్ఞాపకం పనిచేసే తీరు తెలియాలి.

గట్టు పడమటికి తిరిగి ఉంది

రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, గౌతమీ ఘాట్, అన్నీ పడమటి ముఖంగానే దిగుతాయి. సాయంత్రం గట్టున నిలబడి నదిని చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఎదురెండలో చూసినప్పుడు వస్తువుల లోపలి వివరం కంటికి అందదు, ఆకారం మాత్రం నల్లగా నిలుస్తుంది. గాలిలో ఉన్న నీటి ఆవిరి, దుమ్ము, పొగ కణాలు సూర్యుడి వెలుగును మన వైపే చిమ్ముతాయి కాబట్టి దూరం మరింత తెల్లబడుతుంది. ఆ దూరం కూడా చిన్నది కాదు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన పొడవే దాదాపు మూడు కిలోమీటర్లు. అంత వెడల్పు నీటి మీద, ఎదురెండలో, డెల్టా గాలి తేమలో కొవ్వూరు ఒడ్డు నిజంగానే సగం సాయంత్రాలు కంటికి ఆనదు. చిత్రకారుడు దాన్ని తెల్లకాగితంలో వదిలేశాడంటే కనిపించినదానికి కట్టుబడ్డాడన్నమాట. అవతలి ఒడ్డున చెట్టుచెట్టూ లెక్కపెట్టి గీసిన బొమ్మ ఉంటే, తనకు కనిపించనిదాన్ని తెలిసిన లెక్కతో పూరించిన బొమ్మ అదే.

ఇదే ఊరిని తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద రేవు నుంచి చూస్తే లెక్క మారుతుంది. అప్పుడు సూర్యుడు రాజమహేంద్రవరం వెనకనుంచి లేస్తాడు. మేడలు, గుళ్లు, చెట్లు అన్నీ ఒకే నీలిబూడిద పట్టీగా కలిసిపోయి, వాటి అంచు మాత్రం మెరుస్తుంది. అందుకే ఈ రెండు ఒడ్లనూ ఎరిగిన కన్ను, సంతకం చూడకుండానే, బొమ్మ ఏ రేవులో ఏ వేళప్పుడు వేసిందో చెప్పగలదు. ధనుర్మాసంలో నీటి మీద మంచు కమ్మి లంకలు గాలిలో తేలినట్టు ఉంటాయి. ఆషాఢ శ్రావణాల్లో పైనుంచి వరద దిగి నది ఎర్రబడుతుంది. అప్పుడు ఆకాశపు నీలం నీటిలో కనిపించదు, నీరు తన రంగునే చూపిస్తుంది. వేసవిలో వెలుగు తెల్లగా మండి నీడలు కురచవుతాయి. ఈ తేడాలన్నీ బొమ్మలో మసకగానే నమోదవుతాయి. ఎక్కడ మసక, ఎంత మసక, ఏ రంగు మసక అన్నదే సమాచారం.

ఇంకొక సంగతి కూడా గట్టు మీంచి చూసేవాళ్లు గుర్తుంచుకోదగ్గది. ఊరి ముందు ఏడాదిలో ఎక్కువ కాలం నిండుగా, నెమ్మదిగా కనిపించే ఆ నీటి అద్దం పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. కొంచెం దిగువన ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ ఆ నీటిని ఎగదన్ని నిలుపుతూ వచ్చాయి. వంతెన కింద దాని నీడ తలకిందులుగా కదలకుండా నిలిచిన బొమ్మ, డెల్టా పంట కాలువల చరిత్రను కూడా తనకు తెలియకుండానే మోస్తోంది. సాయంత్రపు ప్రశాంతత అని మనం పేరు పెట్టే మూడ్‌లో ఇంజనీర్ల పని ఎంతో ఉంది. మూడ్ అంటే చిత్రకారుడి మనసులో పుట్టిన ఉద్వేగం మాత్రమేనని అనుకునేవాళ్లకు ఇది మొదటి జవాబు. నేల, నీరు, గాలి, కట్టడం కలిసి తయారుచేసిన పరిస్థితి అది. చిత్రకారుడు దాన్ని గుర్తుపట్టాడు, అంతే.

ముందే వదులుకోవాల్సిన తెలుపు

నీటిరంగు స్వభావం తెలియకపోతే ఈ చిత్రాలను సరిగా తూచలేం. తైలవర్ణంలో పొరపాటు జరిగితే దాని మీద ఇంకో పొర వెయ్యొచ్చు. వెలుగు కావాలంటే చివర్లో తెల్లరంగు పెట్టొచ్చు. పారదర్శకమైన నీటిరంగులో తెలుపు అంటే కాగితమే. నీటి మీద మెరిసే ఎండ ముక్క కావాలంటే మొదటి వాష్, అంటే పలచని రంగుపొర, వేసేటప్పుడే ఆ జాగాను ముట్టుకోకుండా వదిలేయాలి. ఒకసారి రంగు పడితే ఆ తెలుపు పూర్తిగా తిరిగిరాదు. అంటే బొమ్మ మొదలుకాకముందే చిత్రకారుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకుని ఉండాలి. చూసేవాళ్లకు సులువుగా, తేలిగ్గా కనిపించే బొమ్మ వెనక ఇంత కఠినమైన నిర్ణయం ఉంది.

రెండో సంగతి అంచు. కాగితం తడిగా ఉండగా రంగు పెడితే అది పాకి అంచు మెత్తబడుతుంది. ఆరాక పెడితే అంచు కత్తిరించినట్టు నిలుస్తుంది. ఈ రెండింటి మధ్య చిత్రకారుడికి దొరికే సమయం గాలిలోని తేమ మీద ఆధారపడి ఉంటుంది. వానాకాలపు గోదావరి జిల్లాల్లో మొదటి వాష్ ఎంతకీ ఆరదు. రోహిణి కార్తె ఎండలో కుంచె తిప్పేలోపే ఆరిపోతుంది. కాబట్టి గట్టున కూర్చుని వేసిన బొమ్మలో ఆనాటి వాతావరణం రంగుల ఎంపికలోనే కాక రంగు ఆరిన తీరులో కూడా దిగుతుంది. వాన వేళ వేసిన ఆకాశంలో రంగులు ఒకదానిలోకి ఒకటి పాకిన జాడ ఉంటుంది. ఎండలో వేసిన గోడకు గట్టి అంచులు ఎక్కువ. ఏ ఊరి గాలిని బొమ్మ చూపిస్తోందో, ఆ గాలే బొమ్మ తయారీలో చేయి వేసిందన్నమాట.

మూడోది రంగు దిగడం. అల్ట్రామెరీన్ లాంటి కొన్ని రంగుల కణాలు ముతకగా ఉంటాయి. నీరు వాటిని కాగితం మీద మోసుకెళ్లి, నెమ్మదించిన చోట, కాగితపు గుంటల్లో వదిలేస్తుంది. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగు అందుకే సమంగా పరుచుకోదు, రవ్వరవ్వగా విరిగి సజీవంగా ఉంటుంది. గోదావరి కూడా కొండల నుంచి మోసుకొచ్చిన ఒండ్రును నెమ్మదించిన చోట దించి దించి ఈ డెల్టాను కట్టింది. ప్రవాహం మోసి, నెమ్మదించి, వదిలిపెట్టినదే నేలైన ప్రాంతాన్ని అదే రీతిలో పనిచేసే మాధ్యమంలో వేయడంలో ఒక లోతైన పొందిక ఉంది. గోదావరి జిల్లాల మీద నీటిరంగు అంతగా అతుకుతుందంటే కారణం అలవాటు ఒక్కటే కాదు.

ఇదంతా పరాయి చూపేనా?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఇంప్రెషనిజం పారిస్‌లో పుట్టింది. 1874లో క్లాడ్ మోనే ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ ప్రదర్శనకు పెట్టినప్పుడు లూయీ లెరోయ్ అనే విమర్శకుడు వెటకారంగా వాడిన మాటే ఆ ఉద్యమానికి పేరైంది. ఉత్తర ఐరోపా పొగమంచు కోసం పుట్టిన చూపును గోదావరి ఎండ మీద రుద్దడం అనుకరణ కాదా అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం రెండు దారులు చూడాలి. ఒకటి, ఆ మసక ఐరోపాలో నిజంగా ఏమిటి. రెండు, మసకగా వేయడం మన దేశంలోకి, మన ఊళ్లోకి ఏ దారిన వచ్చింది.

మొదటిదానికి ఇటీవల మంచి ఆధారం దొరికింది. ఆనా లీ ఆల్‌బ్రైట్, పీటర్ హైబర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్, మోనే వేసిన సుమారు 100 చిత్రాలను పరిశీలించి 2023లో తమ ఫలితాలు ప్రకటించారు. ఆ కాలంలో బొగ్గు వాడకం వల్ల గాలిలో గంధకపు పొగ పెరిగిన కొద్దీ, ఆ చిత్రాల్లో వస్తువుల అంచులు మెత్తబడి, రంగులు తెల్లబడ్డాయని వాళ్లు చూపించారు. కంటిచూపు మందగించడం వల్లే అలా వేశారన్న పాత వివరణ ఇక్కడ చాలదు. మోనే లండన్ చిత్రాలు మొదలుపెట్టింది 1899లో, ఆయనకు శుక్లాలు ఉన్నాయని వైద్యులు తేల్చింది 1912లో. శైలి అని ప్రపంచం మెచ్చుకున్నది గాలి గురించిన నమ్మకమైన నమోదు కూడా అయింది. అంటే ఇంప్రెషనిస్టు పద్ధతి సారం పారిస్ పొగమంచు కాదు. తన ఎదుట ఉన్న గాలికి లొంగి వేయడమే దాని సారం. ఆ సూత్రం రాజమహేంద్రవరానికి వస్తే ఇక్కడి తేమను, ఎదురెండను, వరద ఎరుపును వేస్తుంది. పారిస్ బూడిదరంగును తెచ్చి కోటిలింగాల రేవు మీద పులిమితే అది అనుకరణ. ఇక్కడి గాలిని చూసి వేస్తే అది సొంత చూపు.

రెండో దారి మరింత ఆసక్తికరం. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల పద్ధతి చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ రంగును పదే పదే నీటిలో తడిపి మెత్తబరిచే వాష్ పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఆయన అన్న గగనేంద్రనాథ్, 1912లో అచ్చయిన రవీంద్రుడి ‘జీవన్ స్మృతి’కి బొమ్మలు వేశాడు. పాత కలకత్తాను, ఠాగూర్ల ఇంటి బాల్యాన్ని సిరా మచ్చల్లో, వదిలేసిన ఖాళీల్లో చూపించిన ఆ బొమ్మలు నగరం, జ్ఞాపకం, మసక మూడూ ఒకచోట కలిసిన మన దేశపు తొలి గొప్ప ఉదాహరణల్లో ఒకటి. తూర్పు ఆసియాలో మంచును, దూరాన్ని ఖాళీ జాగాతో చెప్పడం ఫ్రాన్సు కన్నా ఎన్నో వందల ఏళ్లు పాతది. కాబట్టి మసకకు ఒకే పుట్టిల్లు లేదు.

రాజమహేంద్రవరానికి తనదైన దారి కూడా ఉంది. ఇక్కడి ఆర్ట్స్ కళాశాలకు 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులోనూ, అడివి బాపిరాజులోనూ ఉన్న ప్రతిభను గుర్తించి ప్రోత్సహించింది ఆయనే. 1897లో ఈ ఊళ్లోనే పుట్టిన దామెర్ల, కూల్డ్రే చొరవతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి, తిరిగి వచ్చాక 1920ల మొదట్లో ఇక్కడే చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు 28 నిండలేదు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం మొదలైనవారు ఆ పని కొనసాగించారు. దామెర్ల పేరిట ఊళ్లో ఉన్న చిత్రశాల ఆ చరిత్రకు నిలువెత్తు ఆధారం.

దామెర్ల ఇంప్రెషనిస్టు కాదు. ఆ మాట దాచకూడదు. ఆయన్ని ప్రసిద్ధుణ్ని చేసిన ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటి చిత్రాల్లో ఆకారానికి గీతే ప్రాణం, అజంతా ప్రభావం స్పష్టం. అయితే ఆ గీత పట్టిన చేయే గోదావరి ప్రాంతపు ప్రకృతి దృశ్యాలను నీటిరంగుల్లో వేసేటప్పుడు కొండను, నీటిని, దూరాన్ని గీత కన్నా రంగు బరువుతో చెప్పింది. వస్తువును బట్టి పద్ధతి మారిందన్నమాట. నది ఎదుట కూర్చున్నవాడికి గీత చాలదని ఈ ఊరు వందేళ్ల కిందటే కనిపెట్టింది. తర్వాతి తరాల నీటిరంగుల చిత్రకారులు అందుకున్నది ఆ అనుభవాన్నే.

జ్ఞాపకం ఎవరిది?

మూడ్ సంగతి సరే, జ్ఞాపకం మాటేమిటి? నీటిరంగుల నగరచిత్రం పాత రోజులు గుర్తుచేస్తుందని అందరూ అంటారు. ఆ జ్ఞాపకం చూసేవాడిదే కదా, బొమ్మ గొప్పతనం ఏముందన్నది ఇక్కడ వచ్చే అభ్యంతరం. గోదావరి గట్టున పెరిగినవాడికి ఏ మసక బొమ్మ చూపించినా గట్టే గుర్తొస్తుందని వాదించవచ్చు.

జ్ఞాపకం ఎలా తయారవుతుందో చూస్తే ఈ వాదన బలం తగ్గుతుంది. కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన పరిశోధనల్లో, మనుషులు తాము విన్న కథను మళ్లీ చెప్పమంటే భద్రపరిచిన నకలును బయటికి తీయడం లేదని, ప్రతిసారీ కొత్తగా కట్టుకుంటున్నారని చూపించాడు. వివరాలు రాలిపోతాయి, పరాయి అంశాలు తెలిసిన రూపంలోకి మారతాయి. ముందుగా గుర్తొచ్చేది ఆ అనుభవం పట్ల మనకు కలిగిన మొత్తం భావం. ఆ భావానికి సరిపడేలా వివరాలు తర్వాత చేరతాయి. ఇంప్రెషనిస్టు నీటిరంగు కూడా అదే వరుసలో నడుస్తుంది. ముందు పెద్ద వాష్‌లో మొత్తం వెలుగు, ఆపైన పెద్ద ఆకారాలు, చిట్టచివర నాలుగు చిన్న గుర్తులు. మూడ్ ముందు వచ్చి వివరం తర్వాత రావడం రెండింటిలోనూ ఒకటే. బొమ్మ మన జ్ఞాపకాన్ని తాకడానికి కారణం అదృష్టం కాదు, ఈ నిర్మాణపు సామ్యమే.

చిత్రకారులు కూడా ఎదుట ఉన్నదాన్ని ఉన్నపళంగా వేసేవాళ్లేననే నమ్మకం పూర్తిగా నిజం కాదు. మోనే 1899, 1901 మధ్య లండన్‌లో మొదలుపెట్టిన థేమ్స్ చిత్రాలకు ఫ్రాన్సులోని తన ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసి, 1904లో 37 చిత్రాలను ప్రదర్శించాడు. టర్నర్ 1819, 1833, 1840లలో మూడుసార్లు వెనిస్ వెళ్లినా, అక్కడ గడిపిన కాలం మొత్తం కలిపి నాలుగు వారాల లోపే. ప్రపంచం వెనిస్‌గా తలచుకునే ఆ వెలుగులో చాలా భాగం ఇంటికి తిరిగొచ్చాక జ్ఞాపకంలోంచి తీసి వేసినది. కళ్ల ముందు నది లేనప్పుడు కూడా మనసులో నిలిచిన వెలుగే అసలైన పరీక్షకు నిలిచిన వెలుగు. బొమ్మలో చిత్రకారుడి జ్ఞాపకం ముందే ఒకసారి వడగట్టి ఉంచిన పదార్థం మీదనే చూసేవాడి జ్ఞాపకం పనిచేస్తుంది.

మన అలంకారికులు ఈ ప్రశ్నను చాలా ముందే పట్టుకున్నారు. రసాస్వాదనకు సహృదయుడిలో వాసనలు, అంటే పూర్వానుభవాల సంస్కారాలు ఉండాలని అభినవగుప్తుడు చెప్పాడు. అదే సమయంలో, భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం అనే భావన ప్రకారం కావ్యంలోని అనుభవం ఫలానా మనిషిది, ఫలానా రోజుది అన్న ముడి వదిలి అందరిదీ కావాలి. నీటిరంగుల నగరచిత్రంలో మొహాలు, దుకాణాల బోర్డులు, బండి నంబర్లు లేకపోవడం చేసే పని సరిగ్గా ఇదే. ముడి విప్పుతుంది. మెట్ల మీది రెండు కుంచె గుర్తులు ఎవరి నాయనమ్మ అయినా కావచ్చు. కాబట్టి రాజమహేంద్రవరం ఎన్నడూ చూడని విజయనగరం మనిషికి కూడా ఆ బొమ్మలో చోటుంది. తన ఊరి చెరువుగట్టు వాసనతోనే అతను లోపలికి రాగలడు. గోదావరి మనిషికి మాత్రమే పనిచేసే బొమ్మ అయితే అది జ్ఞాపిక, అందరికీ పనిచేస్తే చిత్రం. కోనసీమ ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దంలో రాసిన ‘రసగంగాధరం’లో, ఆ లోకోత్తరమైన ఆనందానికి కారణం మళ్లీ మళ్లీ మనసు పెట్టి భావించడమని వివరించాడు. ఈ డెల్టాలోనే మూలాలున్న ఆ ఆలోచన నీటిరంగుకు చక్కగా అన్వయిస్తుంది. పూర్తిగా గీసిన బొమ్మ ఒక్క చూపుకు సరిపోతుంది. సగం వదిలేసిన బొమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ప్రతిసారీ మిగతా సగం మనం కట్టుకోవాలి.

మురుగు ఎక్కడ?

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నైతికమైనది. ఈ చిత్రాలు ఊరిని అందంగా కడిగేస్తాయి. గట్టున మురుగు కాలువ నదిలో కలిసే చోటు కనిపించదు, ప్లాస్టిక్ కనిపించదు, ఇసుక పడవల మీద ఎండలో మునిగి తేలే కూలీల ఒళ్లునొప్పులు కనిపించవు. గతాన్ని తలచుకుని నిట్టూర్చడానికి పనికొచ్చే ఈ కళ వర్తమానాన్ని మరిపిస్తుందని విమర్శ. చాలా చిత్రాల విషయంలో ఇది నిజం. అలంకరణ కోసం, కానుకల కోసం వేసే మసక బొమ్మలు అన్ని ఊళ్లనూ ఒకేలా చూపిస్తాయి. కింద పేరు మారిస్తే అదే బొమ్మ కాశీ అవుతుంది, అదే ఉదయపూర్ అవుతుంది. అలాంటి బొమ్మలో మూడ్ ఉండదు, మూడ్‌కు సంబంధించిన అలవాటు ఉంటుంది.

అయితే తప్పు మసకది కాదు. లండన్ చిత్రాల్లో మోనేకు నచ్చిన ఆ ఊదా వెలుగు ఫ్యాక్టరీల బొగ్గుపొగే. ఆయన దాన్ని దాచలేదు, దాన్నే వేశాడు. అందువల్లనే నూరేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ బొమ్మల్లో కాలుష్యాన్ని కొలవగలిగారు. రాజమహేంద్రవరం చిత్రకారుడు కాగితం మిల్లు పొగను ఆకాశపు రంగులో వేస్తే, రేవు దగ్గర నీరు పచ్చబడిన మేరకు పచ్చగా వేస్తే, ఆ బొమ్మ ఈ విమర్శకు జవాబిస్తుంది. చూసేవాళ్లు వేయాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఇక్కడ వదిలేసినది చూపును పదును పెట్టడానికి వదిలేశారా, ఇబ్బంది తప్పించుకోవడానికి వదిలేశారా? వదలడం దానంతటది అబద్ధం కాదు. ఎప్పుడూ ఒకే రకమైనదాన్ని వదలడం అబద్ధం.

ఫొటో ఉండగా ఇవన్నీ ఎందుకన్న మాటకు కూడా ఇక్కడే జవాబుంది. ఫొటో చేసే పని ఫొటోదే. కట్టడం ఎన్ని మెట్లతో ఉందో తెలియాలంటే దాన్నే అడగాలి. మంచి ఫొటోగ్రాఫరు మూడ్‌ను కూడా పట్టగలడు. కానీ కెమెరా క్షణంలో చిన్న భాగాన్ని పట్టుకుంటుంది. గట్టున కూర్చున్న చిత్రకారుడి ముందు గంటా రెండు గంటల్లో సూర్యుడు దిగుతాడు, నీడలు కదులుతాయి, పడవ వెళ్లిపోతుంది. కాగితం మీద మిగిలేది ఆ కాలమంతటిలోనూ నిలిచినదాని సారం. ఒక సాయంత్రాన్ని మనిషి అనుభవించేది కూడా అలాగే.

చూడటానికో పద్ధతి, కాపాడటానికో బాధ్యత

మసకంతా మంచి మసక కాదు కాబట్టి తేడా పట్టే పద్ధతి కావాలి. కళ్లు సగం మూసి చూడండి. మంచి చిత్రంలో అప్పుడు కూడా ముందు, నడుమ, దూరం అనే మూడు తలాలు వెలుగునీడల బరువులోనే విడిపడి కనిపిస్తాయి. దూరమైన కొద్దీ ముదురు తగ్గి చల్లబడాలి. బొమ్మంతా ఒకే మోతాదులో మెత్తబడి ఉంటే చిత్రకారుడు గాలిని చూడలేదు, కుంచె అలవాటుకు లొంగాడని అర్థం. తర్వాత గట్టి అంచులు ఎక్కడున్నాయో వెతకండి. అవి కొద్దిచోట్లే ఉంటాయి, అక్కడే చిత్రకారుడి చూపు ఆగింది. వదిలేసిన తెలుపు ఏ వస్తువు మీద పడిందో చూడండి. ఆపైన వెలుగు ఎటునుంచి వస్తోందో తేల్చుకుని, ఈ గట్టున ఆ వెలుగు ఏ వేళ సాధ్యమో ఆలోచించండి. జవాబు దొరికిందంటే బొమ్మ ఊరిని చూసి వేసింది. ఏ వేళకూ పొసగని వెలుగు ఉంటే అది వేరే బొమ్మల్ని చూసి వేసింది. వీటి తర్వాత కూడా మనసులో ఏదైనా కదిలితే ఆ కదలికను నమ్మవచ్చు, దానికి ఆధారం ఉంది.

మసక సాక్ష్యమని ఒప్పుకుంటే ఒక బాధ్యత కూడా మన మీద పడుతుంది. సాక్ష్యాన్ని భద్రపరచాలి. కళారూపాల్లో కాగితం మీది నీటిరంగు అంత సున్నితమైనవి కొన్నే. వెలుగు తగిలిన కొద్దీ కొన్ని రంగులు తిరిగిరాకుండా వెలిసిపోతాయి. అందుకే మ్యూజియాలు వీటి మీద పడే కాంతిని సాధారణంగా 50 లక్స్ దగ్గరే ఆపుతాయి. గోదావరి జిల్లాల తేమలో కాగితానికి బూజు, మచ్చలు పట్టడం సులువు. ఇళ్లలో కిటికీకి ఎదురుగా తగిలించిన పాత గోదావరి బొమ్మలు, బీరువాల్లో చుట్టచుట్టి పెట్టినవి, ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద ట్యూబులైట్ల కింద వెలుస్తున్నవి, అన్నీ ఈ ఊరి వాతావరణ చరిత్రలో పుటలు. వాటిని ఆమ్లం లేని కాగితం మీద, అద్దానికి అంటకుండా మౌంటు చేసి, నేరుగా ఎండ పడని గోడ మీద పెట్టడం పెద్ద ఖర్చు కాదు. దామెర్ల చిత్రశాల ఉన్న ఊళ్లో ఇలాంటి బొమ్మలన్నిటినీ ఒకసారి ఫొటోలు తీసి, ఏ రేవు, ఏ నెల, ఏ వేళ అన్న వివరాలతో జాబితా చేస్తే, వందేళ్ల గోదావరి గట్టు గాలికి ఒక రికార్డు తయారవుతుంది. ఇప్పుడు వేస్తున్న చిత్రకారులు బొమ్మ వెనక తేదీ, సమయం, కూర్చున్న చోటు రాసిపెడితే ఆ రికార్డు ముందుకు సాగుతుంది. చిత్రకళ బోధించే బడులు పిల్లలను అదే బొమ్మతో అదే రేవుకు తీసుకెళ్లి పోల్చి చూపించాలి. ఊరు మారిన మేర వాళ్లకు అక్కడ తెలుస్తుంది. ఊరి పట్ల ప్రేమను కొలవడానికి నిట్టూర్పు చాలదు. ఏం మారిందో చెప్పగలిగిన చూపు కావాలి. ఆ చూపును నేర్పే శక్తి ఈ చిన్న తడికాగితాలకు ఉంది కాబట్టే వాటిని గోడ అలంకారాల జాబితాలోంచి తీసి ఊరి దస్తావేజుల పక్కన పెట్టాలి.